రెండు గడియారాల క్రిస్మస్

పండుగ అనే మాటలో ఒక తేదీ, ఒక ఇల్లు, ఒక బంధువర్గం కలిసి ఉంటాయి. సొంత ఊళ్ళో ఉన్నంతకాలం ఈ మూడూ వేరువేరని ఎవరికీ తోచదు గాని, బతుకుతెరువు వెతుక్కుంటూ సముద్రం దాటిన కుటుంబానికి అవి ఒక్కొక్కటిగా విడిపోయి కనిపిస్తాయి. కడప ప్రాంతంనుంచీ గోదావరి జిల్లాలనుంచీ కువైట్‌కు చేరిన తెలుగు క్రైస్తవ కుటుంబాల క్రిస్మస్‌ను గమనిస్తే, ఆ విడిపోవడమే కాదు, విడిపోయినవాటిని మళ్ళీ కూర్చుకునే ఓర్పు కూడా తెలుస్తుంది.

ఊళ్ళో ఈ పండుగ డిసెంబరు 25న మొదలు కాదు. నెల పుట్టగానే వెదురుబద్దలకు రంగుకాగితం అంటించిన నక్షత్రం ఇంటిమీదికి ఎక్కుతుంది. అసలు పండుగకు ముందే సంఘమంతా కూడి కేకు కోసి, ఆరాధన జరిపి, కలిసి భోంచేసే ‘సెమీ క్రిస్మస్’ వేడుకలు వరుసగా సాగుతాయి. రాత్రిళ్ళు యువకులు డోలక్ పట్టుకుని గడపగడపకూ వెళ్ళి పాటలు పాడతారు. అరిసెలకు బియ్యం నానబెట్టిన ఇంటికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పాకం చూడడానికీ, వత్తడానికీ తామే వచ్చి కూర్చుంటారు.

కువైట్‌లో మొదట సడలేది తేదీ. అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి, ఆదివారం అందరూ పనుల్లో ఉంటారు కాబట్టి, క్రైస్తవ సంఘాల ప్రధాన ఆరాధన ఎక్కువగా శుక్రవారానికి మారింది. క్రిస్మస్‌కు ప్రభుత్వ సెలవు లేదు. 2015లోనూ 2020లోనూ శుక్రవారం వచ్చిన డిసెంబరు 25 తిరిగి 2026లోనే శుక్రవారం వస్తుంది గనుక, శనివారమూ పడని తక్కిన ఏళ్ళలో ఇంటి యజమాని సెలవు పెట్టుకోవాలి, లేదా డ్యూటీ ముగించుకుని సాయంత్రం కొత్త చొక్కా తొడుక్కోవాలి. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు ‘ఆదివారం గుడి’ అన్న మాటే వింతగా వినిపిస్తుంది.

తేదీ తరవాత మారేది తావు. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణానికి మూలం ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో అమెరికన్ మిషనరీలు అక్కడ నడిపిన వైద్యసేవ. ఇప్పుడు ఆ ఒక్క ప్రహరీలోపలే అరబ్బీ, మలయాళం, తమిళం, తెలుగు వంటి అనేక భాషల సంఘాలు గంటల లెక్కన వంతులు వేసుకుని ఆరాధిస్తాయి. ఒక భాషవారి ఆఖరి ప్రార్థన ముగిసేసరికి మరొక భాషవారు చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. వీధిలో పాడుతూ తిరిగే వీలు లేదు. ఊళ్ళో ఆకాశం కింద సాగిన పాట ఇక్కడ నాలుగు గోడల మధ్య, అదీ కేటాయించిన గంటలోపల సాగాలి. అయితే పాట మాత్రం మారదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలను చేర్చిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే ఆరాధన పుస్తకం తెరవగానే, పరాయి గోడల మధ్య ఊరి గుడి లేచి నిలుస్తుంది. గుడిని మోసుకుపోవడం ఎవరివల్లా కాదు, కీర్తనను మోసుకుపోవడానికి గొంతు చాలు.

బంధువర్గం సంగతి అన్నిటికంటె కష్టమైనది. కువైట్ తెలుగువారిలో ఇళ్ళలో పనిచేసే స్త్రీలు ఎందరో ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఊళ్ళో అమ్మమ్మల దగ్గర పెరుగుతుంటారు. 2015 నాటి 68వ చట్టం ఇంటిపనివారికి వారానికొక విశ్రాంతి దినాన్ని హక్కుగా చెప్పింది గాని, పండుగనాడే ఆ సెలవు దొరుకుతుందన్న భరోసా లేదు. అందువల్ల కుటుంబంతో ఉండగలిగినవారి రెండు గదుల ఫ్లాటు పదిమందికి పుట్టిల్లవుతుంది. వచ్చినవారిని పిల్లలు పిన్ని అనీ, పెద్దమ్మ అనీ పిలుస్తారు. తన బిడ్డ తల దువ్వలేని తల్లి ఆ ఇంటి ఆడపిల్లకు జడ అల్లుతుంది. ఆ పిలుపుల్లోని చుట్టరికం నెత్తురుది కాకపోయినా, పండుగకు అదే ఆధారం, దాన్ని తక్కువ చేసి చూడడం అన్యాయం.

ఇక మిగిలేది కాలం. భారతదేశానికీ కువైట్‌కూ రెండున్నర గంటల తేడా. కోనసీమలో అర్ధరాత్రి గుడిగంట మోగేటప్పటికి కువైట్‌లో రాత్రి తొమ్మిదిన్నర. ఫోను చుట్టూ చేరిన కుటుంబం ఆ గంట విని, నానమ్మ చెప్పే దీవెన విని, ఊరి క్రిస్మస్‌ను ముందుగా చేసుకుంటుంది. తమ గడియారం పన్నెండు కొట్టేసరికి ఊళ్ళో రెండున్నర. ఆరాధన ముగించుకున్న పెద్దవాళ్ళు నడుం వాల్చి ఉంటారు. ఆ రెండో అర్ధరాత్రిలో ఫ్లాటులోని పదిమందీ మోకరించి, నిద్రపోతున్న ఊరి పేరు, అక్కడి పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి ప్రార్థిస్తారు.