గెలిచే సేనాని

మా అబ్బాయికీ నాకూ ఈమధ్య మాటలు తక్కువ. వాడు సోఫాలో వదిలేసిన అసిమోవ్ నవల 'ఫౌండేషన్ అండ్ ఎంపైర్' (1952) ఓ రాత్రి నిద్రపట్టక తెరిచాను. రాకెట్ల గోలేమో అనుకున్నాను. తీరా చూస్తే దర్బారు రాజకీయం! గెలాక్సీ అంచునున్న చిన్న ఫౌండేషన్‌ను సామ్రాజ్య సేనాని బెల్ రియోజ్ చుట్టుముట్టి గెలుస్తూంటాడు. ఇంతలో చక్రవర్తి రెండవ క్లియాన్ అతన్ని వెనక్కి పిలిపించి ఖైదు చేయిస్తాడు. చేతకాని సేనాని గెలవలేడు, చేతనైనవాణ్ణి గట్టి చక్రవర్తి నమ్మలేడు. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ కొలువులో బెలిసేరియస్ పడ్డ పాటే ఇది. (ఆఫీసుల్లో మనం చూడనిదా!)

పొద్దున్న కాఫీ తాగుతూ, "పాపం, రియోజ్‌కి అన్యాయం జరిగిందిరా" అన్నాను.

వాడు తలెత్తాడు. "నాన్నా, నువ్వు చదివావా? అన్యాయమేంటి, వాళ్ళమానాన వాళ్ళున్నవాళ్ళ మీదికి దండెత్తింది ఆయనేగా?"

నాకది తట్టనేలేదు. రాత్రంతా సేనాని పక్షానే చదివాను. కాదని వాదించబోతే వాడు పుస్తకం తెచ్చాడు. ఇద్దరికీ బస్సు తప్పింది.