మావు లెక్క

పోయిన నెల కెరీర్ గైడెన్స్ క్లాసులో వచ్చిన సార్ "మీలో సొంతంగా సంపాదించే వాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. నేను తల వంచుకుని కూర్చున్నా. నా పక్కనమ్మాయి నా చెయ్యి పట్టుకుని పైకి లేపేసింది. ఏం చేస్తావమ్మా అంటే, ఇడ్లీ మావు రుబ్బి అమ్ముతాం సార్ అన్నాను. "చప్పట్లు కొట్టండి, మీ క్లాసులోనే ఒక ఆంత్రప్రెన్యూర్ ఉంది" అన్నారాయన. అందరూ కొట్టారు. ఇంటికి పోయి నిఘంటువు చూస్తే 'ఔత్సాహిక పారిశ్రామికవేత్త' అని ఉంది. అమ్మకు చదివి వినిపించా. అమ్మ గ్రైండర్ రాయి కడుగుతా ఉంది. తల ఎత్తకుండానే, "మావు రుబ్బేదానికి ఇంత పొడుగు పేరా?" అంది.

'మావు' అంటే ఏంటని ఫస్ట్ ఇయర్‌లో మీరంతా నవ్వారు, గుర్తుందా? పిండి అనాలట. మాది వేలూరు పక్కన తొరపాడి. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ రుబ్బిన పిండి మావు, దుకాణం కడ. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా మీ ఊరూ మా ఊరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. గీత పడినాక మీ పక్క అక్షరాలు మీకు, మా పక్క అక్షరాలు మాకు మిగిలాయి. మా అమ్మ తెలుగులో తిడుతుంది, తెలుగులో దేవుణ్ణి మొక్కుకుంటుంది, కానీ చదవడం, రాయడం మాత్రం అరవంలోనే. నాకు అక్షరాలు దిద్దించింది మా తాత. మిగతాది ఇంటర్‌కు చిత్తూరులో అత్తవాళ్ల ఇంట్లో ఉండి నేర్చుకున్నా. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

మావు మొదలైంది 2020 లాక్‌డౌన్‌లో. నాయన రాణిపేటలో తోళ్ల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అది మూతపడి ఇంట్లో కూర్చున్నాడు. అమ్మ దగ్గర చిన్న టేబుల్ గ్రైండర్ ఉండేది. పక్కింటి వాళ్ల గ్రైండర్ చెడిపోతే రెండు కిలోలు రుబ్బిచ్చింది. డబ్బు వద్దంటే వాళ్లు డబ్బాలో పెట్టి పోయారు. తర్వాత వారానికే వీధిలో ఆరిళ్లవాళ్లు డబ్బాలు తెచ్చి వరసగా పెట్టేశారు. ఇప్పుడు మహిళా సంఘం అప్పుతో కొన్న పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్ ఉంది. గోడకు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కాగితం ఉంది, దానికి ఏడాదికి 100 రూపాయలు కట్టాం. నాయన ఒక అపార్ట్‌మెంట్‌లో నైట్ వాచ్‌మన్‌గా కుదురుకున్నాడు. అంతే మా పరిశ్రమ.

హాస్టల్లో ఒంగోలు అమ్మాయికీ నాకూ ఇడ్లీ మీద ఎప్పుడూ వాదనే. వాళ్లు మినప్పప్పు రుబ్బి ఇడ్లీ రవ్వ కలుపుతారు. మేము ఉప్పుడు బియ్యం నానేసి రుబ్బుతాం. నాలుగు పాళ్లు బియ్యానికి ఒక పాలు పొట్టు తీసిన మినప గుళ్లు, ఒక చెంచా మెంతులు. గుళ్లు వేరుగా రుబ్బాలి. ఎండాకాలం ఐసు నీళ్లు చిలకరిస్తా రుబ్బాలి, రాయి వేడెక్కితే గుళ్లు పొంగవు. అయిందో లేదో చూడటానికి అమ్మ చెంబులో నీళ్లు పెట్టుకుని చిటికెడు మావు వేస్తుంది. తేలితే అయినట్టు. బియ్యం మాత్రం మరీ మెత్తగా కాకూడదు, వేళ్ల మధ్య సన్న ఇసుకలాగా తగలాలి. ఆ తర్వాత రెండూ కలిపి చేత్తోనే కలియబెట్టాలి, గరిటె పనికిరాదు. పులిసేదానికి కావలసిన సూక్ష్మజీవులు ఎక్కువగా మినుముల్లోంచే వస్తాయని జువాలజీ చదివే మా స్నేహితురాలు చెప్పింది. అమ్మకు ఆ జీవుల పేర్లు తెలియవు, కానీ వాటి టైమ్ టేబుల్ బాగా తెలుసు. మార్గశిరంలో పన్నెండు గంటలు, అగ్ని నక్షత్రంలో ఐదు.

పొద్దున ఐదుంపావుకు నేను స్కూటీలో బయలుదేరతా. జైలు క్వార్టర్స్ పక్క నాలుగిళ్లు, బాగాయం దారిలో రెండు టిఫిన్ బండ్లు, ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్. ఏడుంపావుకు తిరిగొచ్చి, స్నానం చేసి, చిత్తూరు బస్సు. కాట్పాడి దాటేలోగా నిద్ర పట్టేస్తుంది. క్రిస్టియన్‌పేట చెక్‌పోస్టు దగ్గర బ్రేక్ వేసినప్పుడు మెలకువ వస్తుంది. మొదటి పీరియడ్‌లో నా దగ్గర మెంతుల వాసన వస్తుందని మీరు అనేది నిజమే.

ఇంకొకటి. మా ఇంట్లో ఇడ్లీ తిని ఎన్నాళ్లయిందో! మంచి మావంతా కవర్లలో పోతుంది. మాకు మిగిలేది మూడో రోజు పుల్ల మావు. అది మొదట ఉల్లిపాయ ఊతప్పం, తర్వాత గుంత పొంగణాలు, మరీ పులిస్తే పచ్చిమిరపకాయ దంచి వేసి పునుగులు. ఎలవంబాడి ముళ్ల వంకాయ దొరికిన రోజు అమ్మ పులుసు పెడుతుంది. ఆ వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాడ మీద నిజంగానే ముళ్లుంటాయి, కోసేటప్పుడు చూసుకోవాలి. పుల్ల ఊతప్పం, ఆ పులుసు ఉంటే నాకు ఇడ్లీ గుర్తుకు రాదు. అది వేరే సంగతి.

అసలు సంగతి ఏప్రిల్‌లో జరిగింది. మరుసటి రోజు పరీక్ష. అమ్మకు జ్వరం. రుబ్బడం వరకు అమ్మే చేసి, "పదకొండుకు కలుపు, అంతకు ముందు కలపొద్దు. ఎండ జాస్తిగా ఉండాది" అని చెప్పి పండుకుంది. నేను ఏడున్నరకే కలిపేశా. పదకొండు దాకా మేలుకుని ఉంటే పరీక్ష ఎట్లా రాయాలని. పొద్దున నాలుగుకు లేచేసరికి మావు డబ్బాలు దాటి, నేల మీద కారి, వాకిలి దాకా వచ్చింది. వాసన చూస్తేనే తెలిసిపోయింది. అయినా పైన నురుగు తీసేసి, కొంచెం ఉప్పు, కొంచెం చక్కెర వేసి, హాస్టల్‌కు పన్నెండు కిలోలూ ఇచ్చి వచ్చేశా. పరీక్ష బాగానే రాశాను.

సాయంత్రం మెస్ అక్క ఫోన్ చేసింది. పిల్లలు ఒక్క ముక్క కొరికి పెట్టేశారట, ఖాళీ కడుపుతో కాలేజీకి పోయారట. రేపటి నుంచి వద్దు అంది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ తీసుకుని, "పిల్లోళ్లు పస్తు పోయినారా అక్కా?" అని మాత్రం అడిగింది. తర్వాత 480 రూపాయలు కవర్లో పెట్టి నన్నే పంపింది. మెస్ అక్క డబ్బు తీసుకుంది, ఆర్డర్ మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇవ్వాల్సిన పని కూడా లేదు. నేనే మెస్ నడుపుతా ఉంటే నేనూ ఇవ్వను.

మూడు వాయిలు రెండయ్యాయి. అప్పుడు కూర్చున్నా లెక్కకు. వ్యాపారం లెక్కల పుస్తకం నాది, తెలుగులో రాస్తా. ఒక వాయికి నాలుగు కిలోల బియ్యం 184, కిలో గుళ్లు 136, మెంతులు, ఉప్పు, కరెంటు, కవర్లు కలిపి 34. మొత్తం 354. వచ్చే మావు పదకొండు కిలోలు, కిలో 40 లెక్కన 440. మిగులు 86. రెండు వాయిలకు 172. అందులో సంఘం కిస్తీ రోజుకు 50, పెట్రోలు 40 పోతే 82 రూపాయలు. తక్కువే, కానీ లాభమే కదా అనుకుని పుస్తకం మూసేశా.

సరిగ్గా ఆ వారమే మేడమ్ మనకు 'మాలపల్లి' మొదలుపెట్టారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు దాన్ని 1922లో రాయవెల్లూరు జైలులో రాశారని చెప్పగానే నేను లేచి "మేడమ్, అది మా ఇంటి దగ్గరే" అన్నాను. మీరంతా ఎంత నవ్వారో! రాయవెల్లూరు అంటే మా వేలూరే, సెంట్రల్ జైలు ఉండేది మా తొరపాడిలోనే. చిన్నప్పటి నుంచి ఆ గోడ పక్కనుంచి పోతా వస్తా ఉన్నా. మాకది బస్ స్టాప్ పేరు, అంతే. మద్రాసు ప్రభుత్వం నిషేధించిన నవల, మన సిలబస్‌లో ఉన్న నవల ఆ గోడ లోపల పుట్టిందని మా వీధిలో ఒక్కరికీ తెలియదు. ఆ ఏడాదే ఆయన, లక్ష్మీబాయమ్మ గారు గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదానికేతనం పెట్టారని కూడా మేడమ్ చెప్పారు.

నవల చదువుతా ఉంటే నన్ను పట్టుకున్నది జైలు కాదు, కూలి. సంగదాసు అడిగేది అదే కదా, పని చేసినవాళ్లకు న్యాయమైన కూలి. చౌదరయ్య చేతిలో అతను చచ్చిపోయే చోటు బస్సులో చదివా, నిద్ర పట్టలేదు ఆ రోజు. ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే నా 82 రూపాయల లాభం కనిపించింది. బియ్యానికి గడి ఉంది, గుళ్లకు ఉంది, పెట్రోలుకు కూడా ఉంది. అమ్మకు లేదు. మధ్యాహ్నం నానేసేది, కడిగేది, రుబ్బేది, కలిపేది, కవర్లు కట్టేది, గ్రైండర్ తోమేది అన్నీ కలిపితే ఆరు గంటలు. 82ని ఆరుతో భాగిస్తే గంటకు 14 రూపాయలు కూడా రాలేదు. వేరే మనిషిని పెట్టుకుంటే రోజుకు 350 ఇవ్వాలి. అంటే మాకొచ్చేది లాభం కాదు, అమ్మకు ఇవ్వని కూలిలో చిన్న ముక్క. మా ఇంట్లో చౌదరయ్య ఎవరు అని చూస్తే, లెక్కల పుస్తకం పట్టుకుని కూర్చున్నది నేనే!

కొత్త గడి గీసి 'అమ్మ కూలి' అని రాశా. అమ్మకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఆమెకు తెలియదులే అనుకున్నా. నాలుగు రోజుల తర్వాత అడగనే అడిగింది. "కొత్తగా ఒక వరస గీసినావే, ఏందది?" చదివి చెప్పా. నవ్వింది. నిజంగా చాలాసేపు నవ్వింది.

"నాకు కూలేందే? నేనేమన్నా బయట మనిషినా?"

"జైలు వాళ్లు నడిపే బంకులో పెట్రోలు కొట్టే ఖైదీలకు కూడా రోజు కూలి ఉంటుందమ్మా."

"అయితే ఆడికే పంపించు నన్ను, తిండి కూడా పెడతారు" అని, గ్రైండర్ వంచి మావు తీయడం మొదలుపెట్టింది. కానీ ఆ రాత్రి అన్నాలప్పుడు తనే ఎత్తింది. "ఎంత రాసినావు నాకు?" రోజుకు 350 అన్నాను. కంచంలో చెయ్యి అట్లే ఆపేసింది. నాయన డ్యూటీకి చొక్కా తొడుక్కుంటా ఉన్నాడు, ఆయన కూడా ఆగాడు. ఐదేళ్ల మాట అది. ఎవరూ గుణించలేదు. గుణించకపోవడమే మంచిదైంది.

కిలో 45 చేద్దాం అన్నాను. అప్పుడు రెండు వాయిలకు రోజుకు 110 ఎక్కువొస్తుంది. అది కూడా 350కి చాలదు, అయినా మొదలు. అమ్మ ఒప్పుకోలేదు. వీధి చివర ఒంటరిగా ఉండే అవ్వ ఒకామె ఉంది, ముసలి పింఛను మీద బతుకుతుంది. రోజు మార్చి రోజు అర కిలో తీసుకుని, 20 రూపాయల నోటు మడిచి ఇస్తుంది. ఆ అవ్వను ఇరవై రెండున్నర ఎట్లా అడిగేది, అర్ధ రూపాయికి చిల్లర యాడ తెచ్చేది అని అమ్మ వాదన. నాకు కోపం వచ్చింది. అవ్వ కోసమని వీధంతటికీ 40కే ఇస్తే, ఆ ఐదు రూపాయలు కట్టేది నువ్వే కదమ్మా అన్నాను. రెండు రోజులు మా మధ్య మావు మాటలు తప్ప మాటల్లేవు.

మూడో రోజు అమ్మే తీర్పు చెప్పింది. కిలో 45, అర కిలో మాత్రం 20.

"అమ్మా, అట్లయితే అందరూ రెండు అర కిలోలు తీసుకుంటారు, 40కే కిలో వస్తుంది కదా" అన్నాను. కామర్స్ వాళ్లెవరైనా వింటే తల పట్టుకుంటారు.

"తీసుకోనీ. ఒక కవరు కట్టే చోట రెండు కవర్లు కట్టాల్సి వస్తుంది. దానికి కూడా నాకు కూలి రాసుకో."

రాసుకున్నాను. ఇప్పటికి ఐదు వారాలు. రోజుకు ఇరవై రెండు కిలోల్లో పదహారు దాకా కిలో కవర్లే పోతున్నాయి, 45కే. జనానికి అంత లెక్క చూసే తీరిక లేదో, లేక మొహమాటమో నాకు తెలియదు. ఎదురింటి సార్ ఒక్కరే రోజూ రెండు అర కిలోలు తీసుకుంటారు, ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నిన్న ఆయన కవర్లు కడతా అమ్మ నన్ను పిలిచి, తన పేరు తెలుగులో ఎట్లా రాస్తారో ఆ గడి పైన రాసి చూపించమంది.