పాప పేరు మీద జీపు కిరాయి

పోస్టు కొంచెం పెద్దది. మీ ఇంట్లో కడుపుతో ఉన్న అక్కో వదినో ఉంటే మాత్రం చివరిదాకా చదవండి.

మేము ముగ్గురం ఒకే ఇంటి పిల్లలం. ఇద్దరం పాడేరులో డిగ్రీ, ఒకరం నర్సింగ్ మొదటి సంవత్సరం. పోయిన ఏడాది వానల్లో మా పెద్దన్నయ్య బిడ్డ కడుపులోనే చనిపోయి పుట్టింది. ఆడపిల్ల. 2 కిలోల 600 గ్రాములు. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎక్కడా రాయలేదు. ఎందుకంటే అందులో మా తప్పు కూడా ఉంది.

వదినకి తొమ్మిదో నెల. సెలవులకి అందరం ఇంట్లోనే ఉన్నాం. పొద్దున్నే అంబలి తాగుతూ, "నిన్నటి నుంచి లోపల సరిగా మెసలట్లేదు" అంది. "నెలలు నిండాక అంతేలే, లోపల చోటు చాలదు" అంది అమ్మ. మేమూ అదే అన్నాం. నర్సింగ్ చదివే మనిషి కూడా అంది. బయట వాన, గెడ్డ పొంగుతోంది, రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు డోలీ మొయ్యాలి. ఒట్టిపుణ్యానికి ఎందుకు మొయ్యడం అనిపించింది. నిజం చెప్పాలంటే అదీ సంగతి. మర్నాడు సాయంత్రం దాకా ఆగాం.

డోలీలో రోడ్డుకి, అక్కణ్ణుంచి 108లో ఆసుపత్రికి. స్కానింగ్ గదిలో డాక్టరమ్మ తెరని అటువైపు తిప్పేసుకుంది. మాకు అప్పుడే అర్థమైపోయింది. వదినకి మాత్రం కాన్పు నొప్పులు తప్పలేదు. పక్క మంచాల మీద పిల్లలు ఏడుస్తుంటే రాత్రంతా అదే వార్డులో నొప్పులు పడింది.

బిడ్డ పుట్టాక పెద్దవాళ్ళు "చూపించకండి, బెంగ పెట్టుకుంటది" అన్నారు. వదిన ఒకటే మాట: "నా బిడ్డని నాకు చూపించరా?" మాలో చిన్నది తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టింది. నిండా జుట్టు. పెదాలు అన్నయ్యవే. ఆ రెండు రోజుల్లో మేము సరిగ్గా చేసిన పని ఏదైనా ఉంటే అదొక్కటే.

మూడో రోజుకి వదినకి పాలొచ్చాయి. బిడ్డ లేకపోయినా పాలొస్తాయని, అప్పుడేం చెయ్యాలని ఎవరూ చెప్పి పంపలేదు. జాకెట్టు తడిసిపోతుంటే మూలకి తిరిగి కూర్చునేది. ఊళ్ళో ఎవరూ పాప మాట ఎత్తరు. ఎత్తినా "మళ్ళీ పుడతార్లే" అంటారు.

కాగితం సంగతీ అంతే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఇలా చనిపోయి పుట్టిన బిడ్డని కూడా నమోదు చెయ్యాలి. దానికి వేరే ఫారం ఉంది, 3వ నంబరు. ఆసుపత్రిలో మాకెవరూ ఆ మాట చెప్పలేదు, మాకూ తెలియక అడగలేదు. 2014లో కేంద్రం ఒక ప్రణాళిక పెట్టుకుంది: 2030కల్లా వెయ్యి కాన్పులకి ఇలాంటి మరణాలు పది లోపుకి తేవాలని. మన కొండల మీద బిడ్డలు లెక్కలోకే రాకపోతే ఆ పదిలో ఎవరున్నట్టు?

తర్వాత మాలో నర్సింగ్ చదివేది మేడమ్‌ని అడిగి, పుస్తకం తిరగేసి వచ్చింది. నెలలు నిండితే బిడ్డ మెసలడం తగ్గిపోతుందన్నది తప్పు. మెసిలే తీరు మారొచ్చు గానీ కాన్పు దాకా మెసులుతూనే ఉండాలి. ఇన్నిసార్లని లెక్క కాదు, రోజూ ఉండేదానికంటే తగ్గిందని తల్లికి అనిపిస్తే చాలు, ఆ రోజే వెళ్ళాలి. రాత్రయినా సరే, రేపు చూద్దాం అనకూడదు. తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం వాపు ఉంటే బీపీ కావచ్చు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా అంతే. చలిజ్వరం వస్తే మలేరియా పరీక్ష చేయించాలి, మలేరియా కూడా కడుపులో బిడ్డని తీసుకుపోతుంది. దోమతెర ఇచ్చింది చేపలు పట్టడానికి కాదని మన మగవాళ్ళకి ఎవరైనా చెప్పండి.

తెలిసినా బండి కావాలి కదా. ఇటుకల పండగకి మన ఆడవాళ్ళు రోడ్డుకి వెదురుబొంగు అడ్డుపెట్టి వచ్చేపోయే బండ్లని ఆపి డబ్బులడుగుతారని మీకు చెప్పక్కర్లేదు. ఈ ఏడు ఆ డబ్బులో సగం పాప పేరు మీద తీద్దామని వదినే అడిగింది. పాప మాట ఆవిడ నలుగురిలో అనడం అదే మొదలు. విందుకి తగ్గిపోతుందని కొందరు గొణిగారు. ఆఖరికి 7,400 వచ్చింది. హాస్టల్ మిత్రులు కలిసి 5,150 ఇచ్చారు. డబ్బు రేకుడబ్బాలో వదిన దగ్గరే ఉంటుంది. నోటుబుక్కు మొదటి పేజీలో పాప బరువు, తేదీ రాసింది. పేరు కూడా పెట్టింది గానీ అది ఇక్కడ రాయొద్దంది.

మొదట వెళ్ళిన ఆమెకి ఏమీ లేదు. బిడ్డ గుండె బాగుందని చెప్పి పంపేశారు. జీపుకి 1,800 అయింది. మర్నాడు కుళాయి దగ్గర "డబ్బు గంగలో పోశారు" అన్నారు. "ఏమీ లేదని చెప్పించుకోడానికే కదా పంపింది" అంది వదిన. మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

రెండో ఆమెది పక్క ఊరు. మెసలడం తగ్గిందని రాత్రి పదింటికి కబురొచ్చింది. డోలీ మోసినవాళ్ళకి టీలు, జీపు, తోడు వెళ్ళిన మనిషికి తిండి, అన్నీ కలిపి 2,350. బీపీ బాగా ఎక్కువగా ఉందని ఆపరేషన్ చేశారు. మగపిల్లాడు, 2 కిలోల 100. బాగున్నాడు. వదిన ఒక గుడ్డ కుట్టి పంపింది గానీ చూడ్డానికి ఇంకా వెళ్ళలేదు. వెళ్ళమని మేమూ అనట్లేదు.

డబ్బాలో ఇంకా 8,400 ఉంది. మీ ఊళ్ళో ఇలాంటిది పెట్టాలనుకుంటే నోటుబుక్కు ఎలా రాస్తున్నామో ఫొటో పంపుతాం. పాప ఉన్న మొదటి పేజీ తప్ప.