సీసాకు ఉన్న పరీక్ష

మతిమరుపు మందుగా నేడు విరివిగా అమ్ముడవుతున్న బ్రాహ్మీఘృతాన్ని చరకసంహిత చికిత్సాస్థానం ప్రధానంగా అపస్మారానికి (మూర్ఛవ్యాధికి), ఉన్మాదానికి విధించింది. బ్రాహ్మీరసం, వస, చెంగల్వ కోష్టు, శంఖపుష్పి, పాత నెయ్యి, ఇంతే దాని సామగ్రి. వృద్ధుల జ్ఞాపకశక్తి మందులపై కథనం కావాలన్న ఒక సంపాదకుని కోరికతో విజయవాడ శివార్లలోని చిన్న ఆయుర్వేద ఔషధశాలకు వెళ్లినవారికి ఆకుల గోదాము, సీసాలు నింపే యంత్రం, లేబుళ్ల గది వరుసగా చూపించారు గాని, చూడదగినది పొయ్యి దగ్గరే ఉంది.

అక్కడ పాకం చూసేది ఒక వృద్ధ కార్మికుడు. మూలికలను నూరిన ముద్దను కల్కం అంటారు. ఒక పాలు కల్కానికి నాలుగు పాళ్ల నెయ్యి, పదహారు పాళ్ల ద్రవం కలిపి సన్నని సెగ మీద ఇగరబెట్టడం సామాన్య నియమం, దాన్ని ఒకే రోజులో దించకూడదన్నది శాస్త్రం పెట్టిన కట్టుబాటు. ఆయన గరిటె అంచున అంటిన కల్కాన్ని గిల్లి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తారు. వేళ్లకు అంటుకుంటే పాకం ఇంకా మృదువుగా ఉన్నట్టు, అంటుకోకుండా వత్తిలా సాగితే సరైన పాకానికి వచ్చినట్టు. ఆ వత్తిని నిప్పులో పడేసి, తల వంచి చెవి ఒగ్గుతారు. చిటపట వినిపిస్తే లోపల తడి మిగిలి ఉన్నదని అర్థం. నూనె పాకంలో చివర నురుగు లేస్తుంది, నేతి పాకంలో నురుగు అణగిపోతుంది, కాబట్టి కన్ను కూడా కాపలా కాయాలి. గోధుమరంగు పట్టి గట్టిపడిన ఆ వేళ్లు నేర్చిన విద్యను రేపు అందుకునేందుకు ఆ పొయ్యి పక్కన కుర్రవాడెవడూ లేడు.

అమ్మకాల బల్ల దగ్గర మాత్రం మరో మాట వినిపించింది. అమెరికాలో ఉన్న ఒక కొడుకు ఫోనులో ఆరు సీసాలు తల్లికి పంపమని అడిగితే, ‘‘అమ్మగారిని ఒకసారి తీసుకొచ్చి చూపించండి బాబూ’’ అని ఔషధశాల వైద్యుడు ప్రాధేయపడ్డారు, అవతల నుంచి డబ్బు వచ్చింది గాని మనిషి వస్తుందన్న హామీ రాలేదు. ‘‘సీసా తెప్పించుకుంటారు, మనిషిని చూపించరు’’ అని ఆయన ఫోను పెట్టేసి విసుక్కోవడంలో న్యాయం ఉంది.

రోజువారీ పనులు చేసుకోలేనంతగా జ్ఞాపకం, ఆలోచన క్షీణించే స్థితిని డిమెన్షియా అంటారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి అది ఉన్నట్టు 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఆ స్థితిని ఆపుతుందని గట్టి రుజువున్న పోషకపు బిళ్ల ఏదీ లేదు. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మందిపై జింకో చెట్టు ఆకుల సారంతో జరిపి 2008లో ప్రకటించిన పరిశోధన, అది డిమెన్షియాను నివారించలేదని తేల్చింది. నీటి బ్రాహ్మిపై చిన్న అధ్యయనాలు కొంత మేలు చూపినా అవి ఎక్కువగా ఆరోగ్యవంతులపై జరిగినవి. పైగా బజారులో బ్రాహ్మి పేరిట నీటి బ్రాహ్మి, సరస్వతి ఆకు రెండూ దొరుకుతాయి కనుక లేబుల్‌పై శాస్త్రీయ నామం చూడక తప్పదు. ఇక జింకో, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులతో కలిసినప్పుడు రక్తస్రావపు ముప్పు పెరగవచ్చు.

మందుల కోసం ఇంత వెతికే పిల్లలు తల్లి బి12 విటమిన్ స్థాయి ఎంతో చూడరు. శాకాహారుల్లోనూ, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవారిలోనూ కనిపించే ఈ విటమిన్ లోపం మతిమరుపుగా బయటపడవచ్చు, సకాలంలో గుర్తిస్తే సరిదిద్దవచ్చు కూడా. థైరాయిడ్ లోపం, నిద్రమాత్రలు, మూత్రాశయానికీ అలర్జీకీ వాడే కొన్ని మాత్రలు కూడా బుద్ధిని మందగింపజేస్తాయి. వినికిడి లోపం, రక్తపోటు వంటి 14 కారణాలను అదుపులో పెడితే డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని నివారించడమో జాప్యం చేయడమో సాధ్యమని లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో అంచనా కట్టింది. మందుకు వేలితోనూ చెవితోనూ పరీక్ష జరుగుతున్న చోటే మనిషికి పరీక్ష లేకపోవడం చిరాకు పుట్టించే వైపరీత్యం.

కనుక తరువాతి సీసా తెప్పించే ముందు, పెద్దవారు వాడుతున్న మాత్రలన్నీ, పొడులూ లేహ్యాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వారిని వెంటబెట్టుకుని వైద్యుని దగ్గరకు వెళ్లి, బి12, థైరాయిడ్, చక్కెర, రక్తపోటు, చెవి, కన్ను పరీక్షలు చేయించాలి.