వేడి నీళ్ళ కాపలా

గంజాం జిల్లాలో వేడి నీళ్ళు అనగానే ఎవరైనా తప్తపాణి పేరే చెప్తారు. బరంపురం నుంచి దాదాపు 50 కిలోమీటర్లు, దిగపహండి దాటి కొండ దారిలో వెళ్ళాలి. అక్కడ అగ్నిపర్వతం ఏమీ లేదు. వాన నీరు రాతి పగుళ్ళలోంచి బాగా లోతుకి దిగి, భూమి లోపలి వేడికి కాగి, మళ్ళీ పైకి వస్తుంది. గంధకం వాసన కూడా అక్కణ్ణుంచి తెచ్చుకున్నదే. పొయ్యి లేదు, కట్టెల ఖర్చు లేదు. ఊట ఆగదు కాబట్టి పాత నీరు పోతూ, కొత్త నీరు వస్తూ ఉంటుంది.

మన ఇళ్ళలో వేడి నీళ్ళకి ఆ అదృష్టం లేదు. ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

మా మామ్మకి మోకాళ్ళ నొప్పులు. ఒకప్పుడు ఏటా చలికాలంలో తప్తపాణి వెళ్ళేది. ఇప్పుడు ఆ బస్సు ప్రయాణం తనవల్ల కాదు. పెరట్లో ఉన్న రాగి బాయిలరే ఆవిడ తప్తపాణి. దానికి మామ్మ పెట్టిన రూల్స్ చాలా ఉన్నాయి. నీళ్ళు నిండా పోశాకే నిప్పు వెయ్యాలి, ఖాళీగా వేడెక్కితే అతుకులు ఊడిపోతాయి. బూడిద రోజూ తియ్యాలి, మంచుకి తడిస్తే అది రాగిని తినేస్తుంది. లోపల తెల్లగా సున్నం పొర కడితే నీళ్ళు త్వరగా కాగవు, చింతపండు నీళ్ళు పోసి రాత్రంతా ఉంచి కడగాలి. నిప్పు పూర్తిగా ఆరాక పైన గోనెసంచి కప్పితే వేడి ఇంకాసేపు నిలుస్తుంది. మిగిలిన నీళ్ళు మర్నాటికి ఉంచకూడదు.

ఈ చివరి రూల్ చాదస్తం అనుకునేరు. లీజియోనెల్లా అనే బ్యాక్టీరియాకి గోరువెచ్చని నిలవ నీరంటే మహా ఇష్టం. చలి దేశాల్లో పెరట్లో వేడి నీళ్ళ తొట్టి పెట్టుకునేవాళ్ళు అందుకే క్లోరిన్ చూసుకుంటారు, ఫిల్టర్ కడుగుతారు, మూత వేస్తారు. గడ్డకట్టే చలిలో వాడకపోతే పైపుల్లో చుక్క లేకుండా తోడేస్తారు. నీరు మంచైతే సుమారు 9 శాతం ఉబ్బి పైపుని పగలగొడుతుంది. మన బరంపురంలో ఆ భయం లేదు గానీ, మిగతా చాకిరీ అంతా ఒకటే.

మా ఇంట్లో రెండు భాషలు. నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు ఒడియా. మామ్మ "నీళ్ళు కాగాయా?" అంటుంది, అమ్మ "గరమ హెలాణి" అంటుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు అమ్మ పచ్చి బాలింత. రోజుల తరబడి కరెంటు లేదు. విరిగిపడిన కొమ్మల్లో ఎండినవి ఏరి, ఈ బాయిలర్‌లోనే నీళ్ళు కాచి మామ్మ ఆవిడకి స్నానం చేయించింది. ఇప్పుడు అమ్మ మామ్మకి పోస్తోంది, ముందు తన మోచేత్తో వేడి చూసి.

నాన్న బాయిలర్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేసి గీజర్ పెట్టిద్దామంటున్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. పొగకి అమ్మ దగ్గుతోంది, కట్టెలు దొరకడం లేదు. కానీ గీజర్ వస్తే చాకిరీ పోతుందని మాత్రం అనుకోకండి. దాని రాడ్‌కీ సున్నం పడుతుంది, దాన్నీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని బాగుచేయించాలి. ఆ "ఎవరో ఒకరు" మళ్ళీ అమ్మే అవుతుంది.

అందుకని నేను అడిగింది గీజర్ గురించి కాదు, పని ఎవరిదని. మాట్లాడుకుని తేల్చుకున్నాం. గీజర్ వస్తుంది, బాయిలర్ కూడా ఉంటుంది, తుఫాన్ల కోసం. బూడిద తీసేది నేను. చింతపండు నీళ్ళతో కడిగేది తమ్ముడు. మగపిల్లాడితోనా అని మామ్మ కాస్త సణిగింది గానీ, ఎలా కడగాలో వాడికి నేర్పింది కూడా ఆవిడే.