నవ్వునకు వెల

పండుగనాడు ఇల్లెల్ల నవ్వులతో నిండియున్నప్పుడు, ఆ నవ్వులకు వెల చెల్లించినవారొకరు వంటయింటిలో ఉండియే తీరుదురు. తెల్లవాఱుజామున లేచి పిండివంటలు చేసినదెవరో, అందఱు భుజించిన పిమ్మట మిగిలినది తిన్నదెవరో మన సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. వెండితెరమీది నవ్వులకును ఇట్టి వెల యొకటి కలదు. దానిని చెల్లించినవారు తెరమీద కానరారు. కానవచ్చినను, వారేమి చెల్లించిరో మనకు తెలియదు. ఒక చిత్రమును దృష్టాంతముగ గైకొని ఈ సంగతిని సోదరీమణులతో ముచ్చటింపగోరుచున్నాము.

ఆ చిత్రము పేరు "హోమ్ అలోన్". ఇంట ఒంటరిగా అని దాని యర్థము. అమెరికాలో క్రిస్మసు అనగా, మన యూళ్లలో సంక్రాంతివలె, చెదరిన బంధువులందఱు ఒకచోట చేరు దినము. చికాగో నగర ప్రాంతమునందలి మకాలిస్టరు అను పెద్ద కుటుంబము ఆ పండుగకు పారిసు నగరమునకు ప్రయాణమగును. అన్నదమ్ముల పిల్లలతో కలిసి ఇంట పదునైదుగురు. రాత్రి గాలికి కొమ్మ విఱిగి కరెంటు తీగలపై పడగా గడియారములు చెడి, అందఱు ఆలస్యముగ లేచి పరుగులెత్తుదురు. పిల్లల తలలు లెక్కించునప్పుడు పొరుగింటి బాలుడొకడు లెక్కలో కలిసిపోవును. ముందటి రాత్రి బల్లపై ఒలికిన పాలను తుడిచిన కాగితములతోపాటు, కెవిన్ అను ఎనిమిదేండ్ల బాలుని విమానపు టిక్కెట్టు చెత్తబుట్ట పాలగును. ఇట్లు పిల్లవాడు మేడపై గదిలో నిద్రించుచుండగనే ఇల్లు ఖాళీ యగును. తల్లికి విమానములో నుండగా బిడ్డ జ్ఞప్తికి వచ్చి గుండె ఝల్లుమనును. ఇక్కడ ఇద్దఱు దొంగలు ఇంటిపై కన్నువేయుదురు. బాలుడు ఇంటిలోని సామగ్రితోనే వారిని ముప్పుతిప్పలు పెట్టును. పెద్ద సంసారమును ప్రయాణమునకు సిద్ధపఱచిన యే గృహిణికైనను ఈ కథ వింతగ తోచదు.

కథ పుట్టుకయు అట్టిదే. రచయితయు నిర్మాతయునైన జాన్ హ్యూస్ సెలవులకు బయలుదేరుచు, మఱచిపోరాని వస్తువుల జాబితా వ్రాసికొనుచుండెనట. పిల్లలను మఱవకుండవలెను గదా యని పరిహాసముగ తలంచి, ఒకవేళ మఱచినచో ఆ పిల్లవాడేమి చేయునని ఆలోచించెనట. ఆ యాలోచనయే కథ యయ్యెను. దర్శకుడు క్రిస్ కొలంబస్. మొదట పూనుకొనిన వార్నర్ బ్రదర్స్ సంస్థ ఖర్చు పెరుగుచున్నదని విడిచిపెట్టగా, ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ చేపట్టెను. 1990వ సంవత్సరము ఫిబ్రవరి మొదలు మే నెల వఱకు చిత్రీకరణము జరిగెను. నవంబరు 16వ తేదీన చిత్రము విడుదలయ్యెను. సుమారు 1 కోటి 80 లక్షల డాలర్ల వ్యయముతో తయారై, ప్రపంచమంతట 47 కోట్ల డాలర్లకు మించి రాబట్టెను. అమెరికాలో వరుసగ 12 వారములు ప్రథమస్థానమున నిలిచెను. భద్రపఱుపదగిన చిత్రముల పట్టికలో అమెరికా జాతీయ గ్రంథాలయము దీనిని 2023లో చేర్చెను.

ఈ చిత్రమును మా యింట పిల్లలు శీతకాలపు సెలవులలో టెలివిజనులో చూచుచుందురు. ఒక యేడు అందఱును పడిపడి నవ్వుచుండగా, మా తోడికోడలి కూతురు మాత్రము నవ్వు మాని మావైపు తిరిగెను. చిత్రములో కెవిన్ తన అన్న పెట్టెలో ఆతని స్నేహితురాలి ఫొటో చూచి, రూపమును గేలిచేయుచు మొగము వికారముగ పెట్టును. "దొడ్డమ్మా, ఆ ఫొటోలో పిల్ల ఈ సినిమా చూసిందా? చూసి ఏడ్చిందా?" అని ఆ చిన్నది అడిగెను. మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. ఆ ప్రశ్నయే ఈ చిత్రము వెనుకటి సంగతులను మాచేత వెదకించినది. ఆ పిల్లకు మేము చెప్పిన సమాధానమును ముందు వ్రాసెదము. అంతకు మునుపు తక్కినవారి సంగతి.

ఇల్లినాయి రాష్ట్రమునందలి విన్నెట్కా అను ఊరిలో ఆ ఇల్లు నిజముగనే యున్నది. కాని మనము చూచు గదులలో పెక్కు ఆ యింటివి కావు. అప్పటికి పాఠశాలగ వాడుకలో లేని యొక ఉన్నతపాఠశాల భవనములో, వ్యాయామశాలయందు రెండంతస్తుల ఇంటిని నిర్మించిరి. నీరు నిండిన నేలమాళిగ దృశ్యము కొఱకు ఆ పాఠశాల ఈతకొలనులోనే గదిని కట్టిరి. ఇంటిలోని గోడలు, తెరలు, సామానులు పండుగ రంగులైన ఎఱుపు, ఆకుపచ్చలే యగునట్లు కూర్చిరి. కెవిన్ చూచు నలుపుతెలుపుల దొంగల చిత్రమును సైతము పాత చిత్రమని భ్రమింపరాదు. దానిని ఈ చిత్రము కొఱకే కల్పించి తీసిరి. మన యింట ముగ్గుపిండి మొదలు మామిడితోరణము వఱకు ఒక చేయి అమర్చునట్లు, అక్కడ వందలచేతులు అమర్చినవి.

ఇక దొంగల బాధలకు వత్తము. ఇస్త్రీపెట్టె మొగమున పడుట, మంచుగట్టిన మెట్లపై జాఱి వెల్లకిల పడుట, రంగుడబ్బా వచ్చి తలకు తగులుట చూచి మనము నవ్వుదుము. ఆ పతనములు యంత్రమాయవలన కలిగినవి కావు. జో పెషీ, డేనియల్ స్టెర్న్ అను నటులకు మాఱుగ, ఇట్టి ప్రమాదకార్యములు చేయుటయే వృత్తిగాగల ఇద్దఱు నిజముగనే పడిరి. పడిన ప్రతిసారియు వారు లేచి నిలుచునంతవఱకు తమకు ఊపిరి ఆడలేదని దర్శకుడు పిమ్మట చెప్పెను. వట్టికాళ్లతో నడచు దృశ్యములలో స్టెర్న్ తన పాదములకు రబ్బరు పాదములు తొడిగికొనెను. ఆతని మొగముపై ప్రాకిన పెద్ద సాలెపురుగు మాత్రము నిజమైనది; ఒక్కసారికి మాత్రమే ఒప్పుకొందునని ఆతడు ముందుగనే పలికెనట. దీని తరువాతి రెండవ చిత్రమును తీయునప్పుడు టోపీ నిప్పంటుకొను దృశ్యములో తన తల నిజముగ కాలినదని పెషీ 2022లో వెల్లడించెను.

ఈ పెషీ మఱియొక పని చేసెను. కెవిన్ పాత్రధారియైన మకాలే కల్కిన్‌కు అప్పటికి తొమ్మిదేండ్లు. చనువు పెరిగినచో తెరమీద భయము కనబడదని తలంచి, పెషీ ఆ బాలునితో కావలెననియే మాటలాడక దూరముగ మెలగెను. దొంగ బాలుని వ్రేళ్లను కొఱికెదనని బెదరించు దృశ్యమును అభ్యసించునప్పుడు నిజముగనే కొఱికెననియు, ఆ మచ్చ నేటికిని ఉన్నదనియు కల్కిన్ చెప్పును. ఇది మాకు రుచింపలేదు. నటనకొఱకు పెద్దవాడు తనను కాల్చికొనవచ్చును. అది ఆతని యిష్టము. చిన్నవాని భయమును పనిముట్టుగ వాడుకొనుట వేఱు సంగతి.

మంచి మాటయు ఒకటి చెప్పవలెను. బిడ్డను చేరుటకై తపించు తల్లిని తన బండిలో ఎక్కించుకొని వచ్చు వాద్యబృందపు నాయకుని సోదరీమణులు మఱచియుండరు. ఆ పాత్ర ధరించిన జాన్ క్యాండీ అప్పటికే ప్రసిద్ధుడు. స్నేహితుడైన హ్యూస్ కొఱకు వచ్చి, ఒక్కనాడే 23 గంటలు పనిచేసి తన దృశ్యములన్నియు ముగించెను. ప్రతిఫలము 414 డాలర్లు. తల్లి పాత్రధారిణి కేథరీన్ ఓహారాతో ఆతడు ఆడిన మాటలలో పెక్కు అప్పటికప్పుడు అల్లినవే. 1994లో ఆతడు స్వర్గస్థుడయ్యెను. ఆ దృశ్యములో తల్లిని ఓదార్పబోయి మఱింత కంగారుపెట్టు ఆ స్థూలకాయుని చూచి నేటికిని నవ్వుచున్నాము. పొరుగింటి వృద్ధుడు ఎడబాసిన కుమారునితో కలిసికొను ఘట్టమును కథలో చేర్చినది కొలంబస్. అది లేనిచో ఈ చిత్రము కొట్లాట కథగనే మిగిలియుండునని మా యభిప్రాయము.

ఇక ఫొటో సంగతి. ఆ ఫొటోలోనిది అసలు బాలికయే కాదు! ఏ బాలిక బొమ్మనైనను తెచ్చి లోకమంతట నవ్వించుట క్రూరమని దర్శకునికి తోచినదట. అందుచేత కళావిభాగమున పనిచేయు నొకరి కుమారునికి ఆడవేషము వేసి ఫొటో తీసిరి. తెరమీద అది రెండు మూడు క్షణములు కనబడు వస్తువు. ఒక పిల్లకు కూలి యిచ్చి కూర్చుండబెట్టిన ఎవరును కాదనియుండరు. అయినను, ఈ నవ్వునకు వెల యెవరు చెల్లింతురని ఆ క్షణమున ఒకడు ఆలోచించెను. మా పిల్లకు ఈ మాట చెప్పగా తృప్తిపడి, "అయితే నవ్వొచ్చు" అని లేచిపోయెను. ఆడుపిల్ల ఫొటో పెండ్లిచూపులకు ముందుగ ఇంటింట చేతులు మాఱుట, మఱియొకరి యింట నలుగురు కూర్చుండి ముక్కు, రంగు, ఎత్తు ఎన్నుట ఎఱిగిన మన కుటుంబములలో, ఈ చిన్న జాగ్రత్త విలువ యెంతయో విప్పి చెప్పవలయునా?

చివరకు బాలుని సంగతి. చట్టప్రకారము బాలుడు రాత్రి పొద్దుపోవునంతవఱకు పని చేయరాదు. కథలో అల్లరి యంతయు రాత్రివేళయే. అయినను గంటలు లెక్కించుకొని పని నడపిరి. మెట్లమీదినుండి బల్లబండిపై జాఱి వాకిటిలోనికి దూకు దృశ్యమును బాలునిచేత చేయింపక, పొట్టియైన యొక పెద్దవానిచేత చేయించిరి. ఇట్లు పనిచోట బాలునికి కాపుదల యుండెను. ఇంటిలో మాత్రము అది కొఱవడినది. తండ్రి తనయెడ కఠినముగ మెలగెనని కల్కిన్ పెద్దయైన పిమ్మట పలుమాఱులు చెప్పెను. 1994 తరువాత నటన మానివేసి కొన్నియేండ్లు దూరముగ నుండెను. 1995లో తలిదండ్రులు వేఱుపడి పిల్లలకొఱకు న్యాయస్థానమున పోరాడిరి. తాను ఆర్జించిన ధనముపై వారి పేరులు లేకుండ ఆతడే చట్టమూలమున తొలగించుకొనవలసి వచ్చెను. ఇంట ఒంటరియైన బాలుడు తెరమీద కెవిన్ ఒక్కడే కాడు.

అయినను కథ విషాదముతో ముగియలేదు. ఆతడు మరల నటనకు వచ్చెను. 2023 డిసెంబరు 1వ తేదీన హాలీవుడ్ రాజవీథిలో ఆతని పేరిట నక్షత్రము పొదిగిన నాడు, తెరమీది తల్లియైన కేథరీన్ ఓహారా వచ్చి ఆతనిని గూర్చి మాటలాడెను. చిత్రములో కళ్లద్దాల చిన్నవాడుగ నటించిన సొంత తమ్ముడు కీరన్ 2025లో ఆస్కారు బహుమానము నందుకొనెను.

సోదరీమణులారా! నేడు చిత్రములు తీయువారు హాలీవుడ్‌లోనే కాదు, మన యిండ్లలోనే యున్నారు. ప్రతి చేతిలోను కెమెరా కలదు. పసివాడు పడిన వెంటనే ఎత్తుకొనుటకు మాఱు చిత్రము తీయుట, ముద్దుమాటలు తప్పుగ పలికిన పిల్లను మరలమరల పలికించి బంధువులకు పంపుట, ఏడ్చుచున్న బిడ్డను చూచి పదిమందిని నవ్వించుట మనము చూచుచునే యున్నాము. పండుగకు నవ్వు వలదని మేమనము. నవ్వులేని పండుగ ఉప్పులేని పప్పు. కాని, నవ్వునకు వెల చెల్లించువారు పెద్దలై, తెలిసి ఒప్పుకొనినవారైనచో నవ్వుదము. కాదనుటకు నోరులేని బిడ్డ చెల్లింపవలసివచ్చినచో కెమెరాను ప్రక్కన పెట్టి బిడ్డను ఎత్తుకొందము.