పక్షవాతము - చికిత్సలలో నిజమెంత?

పక్షవాతము వచ్చిన యింటికి మందు చెప్పని చుట్టము రాదు. ఒకరు పావురపు నెత్తురు పూయుమందురు. మరియొకరు ఫలానా యూరి తైలమునకు మించినది లేదందురు. మా యత్తగారికి కుడిచేయియు మాటయు నొక్కమారుగా పడిపోయిన పిమ్మట మా వసారాలో విన్న మందులన్నియు వ్రాసియుంచినచో నొక గ్రంథమగును. చెప్పినవారెల్లరు మంచివారే. ఆ మందుచేత లేచి తిరిగిన మనుష్యు డొకడు ప్రతివారికిని సాక్షిగా నుండెను.

ఆ సాక్ష్యమును గూర్చియే సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పగోరుచున్నాను. ఈ వ్యాధి సోకినవారిలో ననేకులు మొదటి నెలలలో తమంతట తామే కొంత కోలుకొందురు. అప్పుడు చేతిలో నేమందున్న దానికే కీర్తి దక్కును. అందుచేత వైద్యులు చీట్లు వేసినట్లుగా రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టునకు మందిచ్చి, రెండవదానికి ఈయక, కొన్ని నెలలకు రెంటిని పోల్చి చూతురు.

ఇట్లు చూచినప్పుడు పేరుపొందిన శస్త్రచికిత్సలు సైతము వీగిపోయినవి. మెదడునకు రక్తము చాలనప్పుడు పుర్రెవెలుపలి రక్తనాళమును లోపలి నాళమునకు గలిపి కుట్టుట యెవరికైనను సబబుగానే తోచును. కాని 1,377 మందిపై జరిగిన పరీక్ష ఫలితము 1985లో వెలువడగా, ఆ కోతవలన పక్షవాతము తగ్గలేదని తేలినది. మరియొక కోత మాత్రము నిలిచినది. మెడలోని పెద్దనాళము నూటికి 70 పాళ్లు గాని అంతకు మించిగాని పూడుకొని, అదివరకే వ్యాధిసూచన కనబడినవారికి ఆ పూడికను తీసివేసినచో, రెండేండ్లలో ఆవైపు పక్షవాతము నూటికి 26 నుండి 9కి దిగినదని 1991లో తెలియవచ్చెను.

ఇక గడ్డను కరిగించు సూదిమందు. 1995లో అమెరికాలో 624 మందిపై చూడగా, మూడు గంటలలోపల మందు పడినవారిలో వైకల్యము లేకుండ బయటపడినవారెక్కువైరి. అయితే వారిలో నూటికి ఆరుగురికి మెదడులో రక్తస్రావమై ప్రమాదము కలిగినది. మందు పడనివారిలో నది నూటికొకరికంటె తక్కువ. ఈ గడువు నాలుగున్నర గంటలవరకు పోవచ్చునని 2008లో తేలినది. మా యత్తగారికి నిద్రలో సోకినది. ఎప్పుడు మొదలైనదో తెలియనందున వైద్యు లాసూది వేయలేదు. 2015లో నెదర్లాండ్సునుండి మరియొక శుభవార్త వచ్చెను. రక్తనాళముగుండ సన్నని గొట్టమును పంపి పెద్దగడ్డను లాగివేయగా, మూడు నెలలకు తమ పనులు తాము చేసికొనగలవారు నూటికి 19 నుండి 33కు పెరిగిరట.

మన దేశపు పరీక్ష యొకటి నన్ను మిక్కిలి యాలోచింపజేసినది. 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులను తీసికొని, సగముమంది యింటివారికి రోగిచేత సాధన చేయించుట నేర్పిరి. 2017లో ఫలితము ప్రకటింపబడినది. ఆరు నెలలకు మరణించినవారును పరులపై నాధారపడినవారును రెండు జట్లలోను నూటికి 47 మందియే! మా బంధువొకామె, "కోడలు శ్రద్ధగా తోమియున్నచో నీపాటికి లేచియుండెడిది" అని నలుగురిలో అనియుండెను. ఎన్ని యిండ్లలో నెందరు స్త్రీలీమాట పడుచున్నారో! రోగిని ప్రక్కకు త్రిప్పుట, పుండ్లు పడకుండ కాపాడుట, ఓపికతో తినిపించుట - ఇవి యెప్పుడును వ్యర్థములు కావు. అంతమాత్రమున చేయి లేవని నింద యింటి యాడువారిపై వేయుట న్యాయము కాదు.

అన్నిటికంటె సామాన్యముగా గనబడి యెక్కువమందికి మేలుచేయునది ప్రత్యేకమైన పక్షవాతపు వార్డు. వైద్యులు, నర్సులు, వ్యాయామము చేయించువారు నొక్కచోట గలిసి పనిచేయు నట్టి వార్డులలో మరణములును పరాధీనతయు తగ్గుచున్నవని పెక్కు పరీక్షలు చెప్పుచున్నవి. అది యే ఆసుపత్రిలో నున్నదో ముందే తెలిసికొనియుంచుడు. మూతి వంకరపోయినను, చేయి జారినను, మాట తడబడినను గడియారము చూచి వేళ వ్రాసికొని 108కి ఫోను చేయుడు. నోట నీరుగాని కషాయముగాని పోయరాదు. మ్రింగలేనివారికది ఊపిరితిత్తులలోనికి పోవును. ఆస్పిరిను సైతము స్కాను తీయకమునుపు ఈయరాదు, వచ్చినది గడ్డయో రక్తస్రావమో పైకి చూచి చెప్పుట వైద్యునకే సాధ్యము కాదు.